రాతి లోపలి మనిషి

నాచారం,
ఫిబ్రవరి 2011

బుచ్చిరాములు బావకు దయాకర్ దండం పెట్టి రాసేది.

నువ్వు, అక్క కాజీపేటల బిడ్డ ఇంటికి పోయినప్పటిసంది ఇల్లు బోసిపోయింది. సంతోషి ఫోన్ చేసినప్పుడల్ల "నాయిన మంచిగనే ఉన్నడు మామా" అంటది, అంతకంటె ఎక్కువ చెప్పది. నిన్నే అడుగుదమంటె నీకు మాట రాకపాయె. దవాఖానల గొంతు తీసేసినంక నువ్వు పలకమీద రాసి చూపెట్టేది నా కండ్లల్లనే ఉన్నది. అందుకే ఉత్తరం రాస్తున్న. నాచారంల పోస్టుడబ్బా ఏడున్నదో నలుగురిని అడగవలసి వచ్చింది.

ఇక్కడ అంత మంచిగున్నది. కంపెనీల డ్యూటీ ఎప్పటిలెక్కనే. నీ గదిల ఎవ్వరు పండుకుంటలేరు. వారానికొకసారి ఊడ్చి తలుపేస్తున్న.

అసలు సంగతి చెప్త. ఆదివారంనాడు మండలి పెద్ద అచ్యుతరావు సార్ మనింటికొచ్చిండు. ఉగాదికి ఉప్పల్‌ల మన మండలి నాటకం పెడ్తున్నరట. "బుచ్చిరాములు లేడని నాటకం మానేస్తామా? కీర్తిధరుడి వేషం నువ్వు కట్టవయ్యా దయాకర్. ఇన్నేళ్ళు పక్కనుండి చూశావు, నీకు రాని పద్యం ఉందా?" అన్నడు. "బావనడిగి చెప్త సార్" అన్న.

పక్కనుండి చూసిన్నంటడు ఆయన. నేను చూసింది ఎక్కడ బావా? లోపలినుంచి విన్న. మొదటి అంకంల తమ్ముని వేషంల నేను అన్న కీర్తిధరుడి రాజ్యాన్ని మోసంతోని గుంజుకుంట. నడుమ అంకంల నువ్వు మంత్రవిద్య నేర్చుకొని వచ్చి నన్ను రాయిని చేస్తవ్. చివరి అంకమంత నేను ఆ గోనెపట్ట డొల్లరాయిల నిలవడాలె. నువ్వు మంత్రదండం ఎత్తి, నన్ను చంపుదమా ఇడుద్దమా అని ఉపన్యాసమంత చెప్పి, ఆఖరికి ఇడిపించే మాట అంటె మొగిలయ్య తాడు గుంజుతడు. రాయి రెండు చెక్కలయితది. ఇరవై ఏండ్ల సంది నాకు రాజంటె గోనెపట్ట అవుతలినుంచి వచ్చే నీ గొంతే.

నువ్వు వద్దంటె కట్ట. కట్టుమంటె ఆ దండం ఏడ పెట్టినవో రాయి.

అక్కకు నా దండాలు.

దయాకర్


కాజీపేట,
ఫిబ్రవరి 2011

దయాకర్‌కు,

నీ ఉత్తరం చదివి మీ అక్క వెంకటనర్సమ్మ ఏడ్చింది. నేను నవ్విన. ఇప్పుడు నేను నవ్వితె మెడల రంధ్రం నుంచి ఈల లెక్క గాలొస్తది. సంతోషి బిడ్డ భయపడి అవుతలికి ఉరికింది.

అంత "మంచిగున్నది" అని రాసినవ్. క్షేమం అని ఎందుకు రాయలేదుర? రాతల గూడ క్ష అంటె భయమేనా?

ఆ నాటకమంత "క్షమించితిని" అన్న ఒక్క మాట మీద నిలవడ్డది. నువ్వు దాన్ని "చమించితిని" అంటవ్. ఆలేరు నుంచి మీ అక్క ఎంబడి లాగుతోని వచ్చిన పోరన్ని తెచ్చి, అన్నం పెట్టి, కంపెనీల పని ఇప్పించి, పద్యం నేర్పిన. చింతబరిగెలు ఇరిగినయ్ గని నీ నాలిక తిరగలే. అందుకే నిన్ను రాయిల పెట్టిన. రాయికి మాటలుండయ్.

సరే, కట్టు. దండం అటుక మీద ఉన్నది, పాత తెరగుడ్డల చుట్టి పెట్టిన. కని దండం పట్టుకున్నోడల్ల మంత్రగాడు కాడు. ఆ మాట చెప్పేముందు ఆగాలె. జనం ఊపిరి బిగవట్టాలె. ఎంతసేపు ఆగాలెనో అది చెప్తె వచ్చేది కాదు.

కోపమొస్తె నేను ఇంకా ఎక్కువ ఆగేటోన్ని, యాదున్నదా? నాకు చెప్పకుండ టీవీ వేషం కోసం తిరిగినవ్ చూడు, ఆ ఏడు చిల్కానగర్ ఆటల నిన్ను ఎంతసేపు నిలవెట్టిన! ఉపన్యాసం అయిపోయేదాక వచ్చి మళ్ళ మొదటికి పోయిన. రాయి పగిలి నువ్వు బయటికొస్తె ధోతి ముందలంత తడిసి ఉండె. జనం ఎట్ల నవ్విన్రు! మొగిలయ్య చేతులున్న తాడు ఇడిచిపెట్టి మరీ నవ్విండు. ఇది రాస్తుంటె నాకు మళ్ళ ఈల వస్తున్నది.

ఆట అయినంక ఎట్లయిందో రాయి. అబద్ధం రాయకు.

బుచ్చిరాములు


నాచారం,
ఏప్రిల్ 2011

బావకు దండాలు.

ఆట అయింది. ఉప్పల్‌ల మైదానం నిండింది. హబ్సిగూడ నుంచి అచ్యుతరావు సార్ దోస్తులు, ల్యాబుల పనిచేసినోళ్ళు, కుటుంబాలతోని వచ్చిన్రు. మన కంపెనీ షిఫ్టోళ్ళు సైకిళ్ళమీద వచ్చి గోడెక్కి కూసున్నరు. నేను దండం ఎత్తంగనే నీ పేరు పిలిచిన్రు కొందరు. నాటకం అయిపోయేసరికి నా పేరు పిలిచిన్రు. సార్ స్టేజీమీదికొచ్చి "అదరగొట్టావయ్యా!" అని ఎదకు హత్తుకున్నడు.

అబద్ధం రాయొద్దన్నవ్. ఆ మాట కాడ నా నాలిక మళ్ళ తిరగలే. "చమించితిని" అనే అన్న. ఎవ్వరు నవ్వలే బావా. ముందువరుసల ఒక ముసలామె కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. మనోళ్ళందరు గట్లనే అంటరు కద.

రాయిల రామకృష్ణను పెట్టినం. పోచారంల కంప్యూటర్ కంపెనీల చేస్తడు, నాటకాలంటె పాణమిస్తడు. నేను ఉపన్యాసం లాగలే. ఎంత ఉన్నదో అంతే చెప్పి ఇడిపించిన. అయినా బయటికొచ్చి బకెట్ నీళ్ళు నెత్తిమీద పోసుకున్నడు. "దీంట్ల ఇన్నేండ్లు ఎట్ల నిలవడ్డవన్నా?" అని అడిగిండు. అలవాటయితది అన్న.

నువ్వు రాసిన చిల్కానగర్ ముచ్చట చదివిన. నువ్వు జనం నవ్వింది రాసినవ్ గని, ముందువరుసల ఎవ్వరు కూసున్నరో రాయలే. కమలకుమారి, వాళ్ళ అమ్మానాయిన. ఆ సంబంధం మాట్లాడనీకి వాళ్ళను నాటకానికి పిలిచింది నువ్వే. నాకు జవాబు చెప్పకుండనే వాళ్ళు మల్కాజిగిరి బస్సెక్కిపోయిన్రు. ఆమె నవ్వలేదు బావా. తల దించుకున్నది. నవ్వినా బాగుండు.

ఆ ముచ్చట మళ్ళ రాయకు. నీ కాళ్ళు మొక్కుత.

ఇంకొక సంగతి, మన నాటకం జూన్‌ల హనుమకొండ పోటీలకు పోతున్నది. కాజీపేటకు దగ్గరనే కద. నువ్వు, అక్క వచ్చి చూడాలె. నువ్వు ముందువరుసల కూసుంటె నాకు ధైర్యం.

దయాకర్


కాజీపేట,
మే 2011

దయాకర్‌కు,

ముసలామె కండ్లు తుడుసుకున్నదా? ఉప్పల్ మైదానంల దుమ్మెక్కువ.

ఎవ్వరు నవ్వలేదని రాసినవ్. నవ్వలేదంటె, వాళ్ళకు ఆ మాట విలువ తెల్వదన్నట్టు. పోటీలల్ల కూసుండేది అట్లాంటి జనం కాదు. అక్కడ అక్షరం అక్షరం పట్టుకుంటరు. ఇరవై ఏండ్లు నేను నిలవెట్టిన పేరును నువ్వు "చమించితిని" అని మంటల కలుపుతనంటె చూసుకుంట కూసుండాల్నా?

అచ్యుతరావుకు రాసిన. పోటీలకు దయాకర్‌ను రాజు వేషంల తీసుకరాకుండ్రి, సికింద్రాబాద్ నుంచి ఎవ్వరినన్న మంచి నటున్ని మాట్లాడుకోండ్రి, లేకపోతె నాటకం నాదని చెప్పి పోటీలోళ్ళతోని ఆపిస్త అని రాసిన. ఒప్పుకున్నడు. ఇది నీ ఎన్కనుంచి చేసిన పని అనుకోకు. నీకు చెప్పే చేస్తున్న. చెయ్యగలుగుత కాబట్టి చేస్తున్న. గొంతు పోతె బుచ్చిరాములు అయిపోయిండని నువ్వు, మీ సార్ అనుకున్నరేమో.

నువ్వు మళ్ళ రాయిల నిలవడు. ఆ వేషం నీ అంత మంచిగ ఎవ్వరు కట్టలేరు. అది మాత్రం ఒప్పుకుంట.

ఇగ కమలకుమారి సంగతి. ఒక్క తడిసిన ధోతిని చూసి బస్సెక్కిపోయిన పిల్ల కాపురమేం చేస్తది? నేను నీకు మంచే చేసిన.

బుచ్చిరాములు


నాచారం,
మే 2011

బావకు,

నిలవడ్త.

దయాకర్


కాజీపేట,
నవంబర్ 2012

దయాకర్‌కు,

ఏడాదిన్నర అయింది నీ చేతిరాత చూసి. పోటీలకు హనుమకొండ దాక వచ్చి మా ఇంటికి రాకుండనే పోయినవ్. నేను ఎన్కవరుసల కూసొని చూసిన. ఆ సికింద్రాబాద్ నటుడు పొట్టోడు, దండం వానికంటె పొడుగున్నది. బహుమతి రాలే. నీకు ఖుషీ అయి ఉంటది.

సకలజనుల సమ్మెల రైళ్ళు ఆగితె రాలేవనుకున్న. సమ్మె అయిపోయింది, దసర అయిపోయింది, ఇంకొక దసర గూడ అయిపోయింది. బతుకమ్మ నాడు మీ అక్క వాకిట్ల నిలవడి రోడ్డు దిక్కు చూసింది. నిన్ను ఏమన్న అంటదేమో అనుకున్న. లోపలికొచ్చి పండుకున్నది.

ఇంట్ల నేను పలకమీద రాసేది ఇప్పుడెవ్వరు చదువరు. రాసి చూపెట్టేలోపల వాళ్ళ ముచ్చట వేరేదాని మీదికి పోతది. సంతోషి బిడ్డ ఆ పలక తీసుకొని కోడిపిల్లల బొమ్మలేస్తున్నది.

రాయి. తిట్టయినా రాయి.

బుచ్చిరాములు


నాచారం,
మార్చి 2014

బావకు దండాలు.

ఇన్నొద్దులు రాయలేదని మనసుల పెట్టుకోకు. రాద్దామని కూసునేది, కాగితం మడిచి పెట్టేది.

తెలంగాణ వస్తున్నది బావా! జూన్ల రాష్ట్రమయితదట. నాచారం చౌరస్తాల పటాకులు కాలుస్తనే ఉన్నరు. కంపెనీల మేనేజర్ గూడ మిఠాయి పంచిండు.

అచ్యుతరావు సార్ ఇల్లు ఖాళీ చేసిండు. ఎవ్వరు పొమ్మనలే, కని ఆయన కూతురు మనస్విని విశాఖపట్నంల ఉన్నది, వయసు మీదవడ్డది, పోత అన్నడు. సామాన్లు లారీకెక్కించేటప్పుడు నేను, మొగిలయ్య పోయినం. మండలి తాళంచెవి నా చేతుల పెట్టిండు. "నువ్వు చూసుకోవయ్యా. మీ బావ మాట విని నీకు అన్యాయం చేశాను. అయినా ఆయన్ని వదిలెయ్యకు" అన్నడు. ముప్పై ఏండ్లు ఉప్పల్‌ల ఉన్న మనిషి బావా. లారీ ముందల కూసొని పోయిండు.

ఇప్పుడు మండలి మనదే. జూన్ల చిల్కానగర్ మైదానంల మన నాటకం పెడ్తున్నం. రాజు వేషం నేను కడుతున్న. మొదటి అంకాలల్ల తమ్ముని వేషం రామకృష్ణ చేస్తడు. చివరి అంకంల, రాయి లోపల, నువ్వు నిలవడాలె.

చదివి కోపం తెచ్చుకోకు. రాయికి మాటలుండవని నువ్వే రాసినవ్ ఒకసారి. రాయి పగులుతది, జనం రామకృష్ణ బయటికొస్తడనుకుంటరు, నువ్వు వస్తవ్. బుచ్చిరాములు! ఉప్పల్, నాచారం, పీర్జాదిగూడ అంత లేచి నిలవడ్తది బావా. నువ్వు లేవు, అయిపోయినవ్ అనుకున్నోళ్ళందరి ముందల ఒక్కసారి నిలవడు.

అక్కను తీసుకొని రా. ముందువరుసల కుర్చీ వేయిస్త.

దయాకర్


కాజీపేట,
ఏప్రిల్ 2014

బిడ్డా దయాకర్,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివిన్నో అడగకు. మడతలకాడ కాగితం చినిగింది.

వస్త. తప్పకుండ వస్త. గొంతు పోయినప్పటిసంది నేను నాటకాల ముచ్చటే ఇడిచిపెట్టిన్నని ఇంట్ల అనుకుంటున్నరు. కని పొద్దుగాల అందరు లేవకముందు అద్దం ముందల నిలవడి పెదవులు కదుపుత. మొత్తం నాటకం, అన్ని వేషాలు. చప్పుడు లేకుండ. ఇది మీ అక్కకు గూడ తెల్వదు, నీకే చెప్తున్న.

పోటీలప్పుడు నేను చేసింది యాదిల పెట్టుకోక పిలిచినవ్. నువ్వు నాకంటె పెద్దమనిషివి అయినవ్.

ఒక రెండు ముచ్చట్లు. ఏమనుకోకు. నేనిప్పుడు ముక్కుతోని, నోటితోని ఊపిరి తీసుకోను, మెడల రంధ్రం నుంచే. ఆ రాయికి గాలి రంధ్రం నోటికాడ ఉంటది, నాకు దాంతోని పనిలేదు. మెడకాడ కోయించు. సాంబ్రాణి పొగ వద్దు. పొగ, దుమ్ము తగిలితె పాణంమీదికొస్తదని డాక్టర్ మరీమరీ చెప్పిండు.

ఇంకొకటి, నీకు లోపల కష్టమయితె "బావా" అని మెల్లగ పిలిచేటోనివి, నేను విననట్టు చేసేటోన్ని. నాకు పిలిచేటందుకు గొంతు లేదు. కష్టమయితె లోపలినుంచి చెయ్యితోని కొడ్త. కొట్టంగనే ఆ మాట చెప్పి ఇడిపించు. ఉపన్యాసం మిగిలితె మిగిలింది.

మీ అక్క నీ కోసం పాలకాయలు చేస్తున్నది, ఇప్పటినుంచే.

నీ బావ
బుచ్చిరాములు


నాచారం,
మే 2014

బావా,

రంధ్రం మెడకాడ కోయించిన. నీ ఎత్తు అంటె నా చెవిదాక కద, కొలిచి పెట్టిన. నేనే లోపల నిలవడి చూసిన, గాలి మంచిగనే ఆడుతున్నది. సాంబ్రాణి వద్దని మొగిలయ్యకు చెప్పిన. నువ్వు కొట్టంగనే చెప్త. జర గూడ ఫికర్ చెయ్యకు.

దయాకర్


కాజీపేట,
జులై 2014

దయాకర్,

దవాఖాన నుంచి ఇంటికి పంపిచ్చిన్రు. ఊపిరితిత్తులల్ల నెమ్ము చేరిందన్నరు. పండుకొనే రాస్తున్న, అక్షరాలు వంకరపోతె ఓపిక చేసుకొని చదువు.

ఆ రోజు ఏం జరిగిందో నీకు తెలుసు, నాకు తెలుసు. మూడోమనిషికి తెల్వదు. అందరు ప్రమాదమంటున్నరు. రేపు నువ్వు గూడ అదే నమ్ముకోవద్దని రాస్తున్న.

నేను రాయిలకు పోయేముందు నువ్వు నా కాళ్ళు మొక్కినవ్. మీ అక్క చూసి మురిసింది. లోపల పొగ లేదు, నువ్వన్న మాట నిలవెట్టుకున్నవ్. కని ఎండ దినమంత ఆ రాయిలనే కూసున్నది. గోనెపట్ట పీచు లేసి నా మెడకు తగిలింది. దగ్గొచ్చింది. నా దగ్గుకు చప్పుడుండది. మెడల రంధ్రం మూసుకపోవుడు మొదలయింది. కొట్టిన.

నువ్వు విన్నవ్. ఎట్ల తెలుసంటె, పద్యం నడుమ ఆపినవ్. రాయికాడికొచ్చినవ్. రాయి రంధ్రంల నీ కన్ను కనబడ్డది. "జర ఆగు బావా" అన్నవ్. మెల్లగ, నాకొక్కనికే ఇనబడేటట్టు. తర్వాత ఎన్కకు పోయి ఉపన్యాసం మళ్ళ మొదటికెళ్ళి ఎత్తుకున్నవ్.

నేను కొడుతనే ఉన్న. రాయిల తమ్ముని పాణం కొట్టుకుంటున్నదనుకొని జనం చప్పట్లు కొట్టిన్రు.

ఇంకొకటి రాయాలె. నలభై ఏండ్లు ముఖానికి రంగేసుకున్నోన్ని, నాటకం సంగతిల అబద్ధమాడ. ఆ పూట నువ్వు చెప్పినట్టు నేను నా జన్మల చెప్పలే. జనం నీ పిడికిట్ల ఉండె. నాకు కండ్లు చీకట్లు కమ్ముతుంటె గూడ విన్న. ఆఖరికి ఆ మాట అన్నవ్. "క్షమించితిని." నీళ్ళ లెక్క పలికింది. ఇన్ని బరిగెలతోని రానిది ఆ రోజొచ్చింది.

రాయి పగిలింది. నేను పడ్డ. మీ అక్క కేక తప్ప ఇంకేం యాదిలేదు.

క్ష నేర్చుకున్నవ్. సంతోషం.

బుచ్చిరాములు


నాచారం,
జులై 2014

బావా,

నువ్వు రాసినదాంట్ల ఒక్క అక్షరం తప్పు లేదు.

రాయికి రంధ్రం కోయించినప్పుడు, అక్కకు కుర్చీ వేయించినప్పుడు, నీ కాళ్ళు మొక్కినప్పుడు నా మనసుల పాపం లేదు. అక్క తోడు. నువ్వు కొట్టిన చప్పుడు ఇన్నంక లేచింది. నా చెవులకు ఆ చప్పుడు ఎట్లినబడ్డదంటె, ఇరవై ఏండ్లు నేను కొట్టకుండ ఊకున్న చప్పుడు లెక్క ఇనబడ్డది. అదే చిల్కానగర్ మైదానం. అదే దిక్కు ముందువరుస. ఒక్కసారి నీకు తెలువాలె అనుకున్న. నీ ధోతి తడిసేదాక, అంతే అనుకున్న. నువ్వు నన్ను నిలవెట్టినంతసేపే.

అంతల జనం చప్పట్లు కొట్టిన్రు. అది ఇన్నంక నాకు ఆపబుద్ధి కాలే. ఇది ఎవ్వరికి చెప్పినా అర్థం కాదు. నీకొక్కనికే తెలుస్తది. నువ్వు కొడుతుంటివి, జనం ఊపిరి బిగవట్టిన్రు, ఒక్క మాట నా నాలిక మీద ఉన్నది, నేను చెప్తె ఒకటయితది, చెప్పకపోతె ఒకటయితది. గా సమయంల నువ్వు నాకు మనిషివనిపించలే. రాయివే అనిపించినవ్.

నీ చప్పుడు ఆగిపోయినంక నాకు తెలివొచ్చింది.

నువ్వు పడ్డప్పుడు ధోతి తడిసే ఉండె. నేను నా శాలువ కప్పిన. ఎవ్వరు చూడలే. అది తప్ప ఆ రోజు నేను చేసిన మంచిపని ఇంకొకటి లేదు.

మాఫ్ చెయ్యి బావా. ఆ నాటకంల మాట రాద్దామంటె నాకు చెయ్యి వస్తలేదు. మాఫ్ చెయ్యి.

దయాకర్


నాచారం,
సెప్టెంబర్ 2014

బావా,

రెండు ఉత్తరాలకు జవాబు లేదు. ఇది మూడోది.

మండలి తాళంచెవి రామకృష్ణకిచ్చిన. దండం ఇరగ్గొట్టి ఉప్పల్ బ్రిడ్జిమీదికెళ్ళి మూసీల పారేసిన. ఇగ జన్మల రంగు పూసుకోను.

ఇక్కడ అందరు నన్ను మెచ్చుకుంటున్నరు. "బావను భుజంమీదేసుకొని ఆటో దాక ఉరికినవ్, నీ అసొంటి బామ్మర్ది ఎవ్వనికున్నడు" అని మొగిలయ్య చాయ్ హోటల్ల నలుగురి ముందల అన్నడు. మొన్న అక్క ఫోన్ చేసింది. "నువ్వు లేకపోతె మీ బావ నాకు దక్కునార" అన్నది.

కంపెనీల మిషన్ కాడ నిలవడితె ఆ చప్పుడే ఇనబడ్తది. తిట్టు బావా. అందరికి చెప్పు. పోలీసుల కాడికి పో, నేను ఒప్పుకుంట. లేకపోతె మాఫ్ చేసిన అని ఒక్క ముక్క రాయి. ఏదో ఒకటి చెయ్యి. గిట్ల ఊకుండకు.

దయాకర్


కాజీపేట,
అక్టోబర్ 2014

దయాకర్‌కు,

నీ ఉత్తరాలు మూడు అందినయ్. చదివినకొద్ది నాకు తబియత్ మంచిగయితున్నది. డాక్టర్ గూడ ఆశ్చర్యపోతున్నడు.

దండం మూసీల ఏసినవా? అది వెదురుకట్టె, ఇత్తడి పొన్ను. ఎవడన్న చేసిస్తడు. నాటకంల రాజు "క్షమించితిని" అంటడు, తమ్ముడు కాళ్ళమీద పడ్తడు, తెర పడ్తది, జనం సైకిళ్ళెక్కి ఇండ్లకు పోతరు. తెల్లారి ఆ అన్నదమ్ములు ఒక్క ఇంట్ల ఎట్ల అన్నం తిన్నరో ఆ నాటకం రాసినోడు రాయలే. నేను గూడ ఎన్నడు ఆలోచించలే. ఇప్పుడు మంచంమీద పండుకొని ఆలోచిస్తున్న.

పోలీసుల కాడికి పొమ్మన్నవ్. ఎందుకు పోత? గొంతు పాయె, వేషం పాయె. నిన్ను గూడ వాళ్ళ చేతుల పెడితె నాకేం మిగుల్తది?

అల్లునికి నాగపూర్ ట్రాన్స్‌ఫర్ అయింది. క్వార్టర్ ఖాళీ చేస్తున్నరు. వాళ్ళ ఎంబడి నేను పోను. నాచారం ఇల్లు నాది. నేను, మీ అక్క వస్తున్నం. నేను వేరే గది చూసుకుంట బావా అని నువ్వు రాస్తవని తెలుసు. చూసుకోకు. నువ్వు ఆ ఇంట్లనే ఉండాలె. పోయినవనుకో, నువ్వు రంధ్రంల కన్ను పెట్టి అన్న మాట మీ అక్కకు రాసి చూపెడ్త. ఉన్నన్ని రోజులు చూపెట్ట.

నా మెడల గొట్టం పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి తీసి కడగాలె. ఇన్నేండ్లు మీ అక్క కడిగింది. ఆమె వేళ్ళు నొస్తున్నయ్. ఇగనుంచి నువ్వు కడుగు. గొట్టం తీసినంక మళ్ళ పెట్టేదాక నా ఊపిరి నీ చేతుల ఉంటది. అరిచేటందుకు నాకు గొంతు లేదు. నేను నీ మొహంల మొహం పెట్టి చూసుకుంట కూసుంట. ఆ చెయ్యి వణుకుతదా, ఆగుతదా, దినాం చూస్త. నువ్వు గూడ నన్ను చూడాలె. కండ్లు తిప్పుకోవద్దు.

ఒక్క ముక్క రాయమన్నవ్. చెప్పేటందుకు గొంతు లేదు గని రాసేటందుకు చెయ్యి ఉన్నది. రాయ. నేను సచ్చినంక నా దిండు కింద, పెట్టెల దొరుకుతదేమో అని ఎతుక్కోకు. ఏడ దొరకది.

మీ అక్క సామాన్లు కడుతున్నది. "నా తమ్ముడు నిన్ను కన్నకొడుకు లెక్క చూసుకుంటడు, చూడు" అనుకుంట తిరుగుతున్నది. ఇన్నేండ్లల్ల ఆమె ఇంత ఖుషీగ ఉండుడు నేను చూడలే. దాన్ని పాడు చెయ్యొద్దు, అది మనిద్దరి పని.

గురువారం బస్సుకు వస్తున్నం. ఉప్పల్ రింగురోడ్డు కాడ దిగుతం. ఆటో మాట్లాడి పెట్టు. బస్సు దిగంగనే మీ అక్క నీ మొహమే చూస్తది. నవ్వుకుంట నిలవడు.

నీ బావ
బుచ్చిరాములు